డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నేపాలీ హోటల్: మా అత్తామామలకి పడుతుందా?

అనంత_కోడలు
అందరికీ నమస్తే. మా అత్తయ్య, మామయ్య అనంతపురం నుంచి వచ్చి ఇరవై రోజులైంది. ఇంట్లో వంట ఎలాగూ ఉంది కానీ శని ఆదివారాలు వస్తే ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లాలి కదా, ఇప్పటిదాకా తీసుకెళ్లినవన్నీ ఫెయిలే. పిజ్జాని మామయ్య "రొట్టె మీద బంక" అన్నారు. మెక్సికన్ హోటల్లో రాజ్మా గింజలు చూసి కాస్త కుదుటపడ్డారు, అంతలో వాటి మీద చీజ్ వచ్చి పడింది, ఇక అంతే. పోనీ మన తెలుగు హోటళ్లకి వెళ్దామంటే "ఈ బిర్యానీ కోసమేనా ఇరవై గంటలు విమానంలో కూర్చోబెట్టింది" అంటారు. అదీ నిజమే.

మా టీమ్‌లో ఒక నేపాలీ అమ్మాయి ఉంది. వాళ్లకి తెలిసిన కుటుంబం చిన్న హోటల్ నడుపుతోందట. భార్యాభర్తలు, ఆయన తల్లి, కాలేజీకెళ్లే కొడుకు, అంతే, బయటి మనుషులెవరూ లేరు. అక్కడికి తీసుకెళ్లు, పెద్దవాళ్లకి నచ్చుతుంది అంటోంది. నాకేమో నేపాలీ అంటే మోమో తప్ప ఇంకేం తెలీదు. అత్తయ్య శనివారం మాంసం ముట్టరు. మామయ్యకి పళ్లు సగమే ఉన్నాయి. కారం లేకపోతే ఇద్దరికీ ముద్ద దిగదు. వెళ్లొచ్చా? వెళ్తే ఏం చెప్పాలి?

బెడ్‌ఫోర్డ్_బావ
నిరభ్యంతరంగా వెళ్లండి. కానీ మెనూలో మొదటి రెండు పేజీలు చూడకుండా తిప్పేయండి. బటర్ చికెన్, టిక్కా మసాలా, నాన్ అన్నీ అక్కడే ఉంటాయి, అవి లేకపోతే వారం మధ్యలో వచ్చే కస్టమర్లు రారు కాబట్టి పెడతారు. చివర్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో "థాలీ సెట్" అనో "థకాలీ సెట్" అనో ఉంటుంది (థకాలీ అంటే నేపాల్ కొండల్లో ఒక తెగ పేరు). మీరు వెళ్లేది దానికోసం.

ఇర్వింగ్, యూలెస్, బెడ్‌ఫోర్డ్ వైపు నేపాలీలు బాగానే ఉన్నారు, చాలామంది డీవీ లాటరీలో, అంటే గ్రీన్ కార్డుల లాటరీలో వచ్చినవాళ్లు. (మనకి ఆ లాటరీయే లేదు. గ్రీన్ కార్డు కోసం మనం జుట్టు నెరిసేదాకా ఎదురుచూస్తుంటే వాళ్లు కార్డుతోనే దిగి హోటల్ పెట్టేశారు. సరే, ఆ ఏడుపు వేరే త్రెడ్‌లో ఏడుద్దాం.)

ఒక్క జాగ్రత్త. శనివారం రాత్రి ఏడింటికి మాత్రం వెళ్లకండి. ఒకచోట, పేరెందుకు లెండి, గంటా పావు కూర్చున్నాను. నీళ్లు మూడుసార్లు పోశారు, తిండి రాలేదు. లోపలికి తొంగి చూస్తే వంటింట్లో ఒక్క ఆవిడే ఉంది, మోమోలు అప్పటికప్పుడు చుడుతోంది. తిట్టుకుంటూనే కూర్చున్నా, వచ్చాక రెండు ప్లేట్లు లాగించా.

గోంగూర_గ్యాంగ్
పప్పు, అన్నం, కూర, ఊరగాయ. దీనికి పద్దెనిమిది డాలర్లు, పైన టిప్పు. మీ అత్తయ్య ఆ బిల్లు చూస్తే అక్కడే కళ్లు తిరిగి పడిపోతారు. ఎందుకొచ్చిన గోల, ఇంట్లో పప్పుచారు పెట్టండి.

పోఖరా_డాక్టరమ్మ
@గోంగూర_గ్యాంగ్ ఆ లెక్కన మన భోజనం హోటళ్లలో దొరికేదీ పప్పు, అన్నం, కూర, పచ్చడే కదండీ :)

నేను ఎంబీబీఎస్ పోఖరాలో చదివాను. అయిదేళ్లకి పైగా పొద్దున, రాత్రి ఇదే తిన్నాను కాబట్టి కాస్త చెప్తాను. అక్కడ చాలా ఇళ్లలో పొద్దున తొమ్మిది, పది మధ్యలోనే పూర్తి భోజనం అయిపోతుంది. మధ్యాహ్నం "ఖాజా" అని చిరుతిండి, రాత్రి మళ్లీ దాల్ భాత్, అంటే పప్పు, అన్నమే. ట్రెక్కింగ్ దారుల్లో "దాల్ భాత్ పవర్, 24 అవర్" అని టీ షర్టులు కూడా అమ్ముతారు.

పళ్లెంలో మధ్యలో అన్నం, పక్కన గిన్నెలో పప్పు. ఇది మన ముద్దపప్పులా ఉండదు, పల్చగా ఉంటుంది, చింతపండు పడదు. థకాలీ వాళ్లయితే నల్ల మినప్పప్పుని ఇనప గిన్నెలో ఉడికించి, నేతిలో జింబు వేసి పోపు పెడతారు. జింబు అంటే నేపాల్లో ముస్తాంగ్ వైపు కొండల్లో దొరికే ఉల్లి జాతి ఆకు, ఎండబెట్టింది. ఆ పోపు వాసన ఒక్కసారి తగిలితే మళ్లీ ఇంగువ దాకా వెళ్లబుద్ధి కాదు (క్షమించాలి, ఇంగువ అభిమానులు). తర్వాత ఆవాకు కూర, ఒక తర్కారీ (కూరగాయల కూర), ముల్లంగి ఊరగాయ, టమాటా అచార్. ఈ అచార్ అంటే ఆవకాయ లాంటిది కాదు, మన రోటి పచ్చడి లాంటిది. టమాటాలు కాల్చి, పచ్చిమిర్చి, టిమ్ముర్ వేసి సిలౌటో మీద నూరతారు. సిలౌటో అంటే అచ్చం మన సన్నికల్లే. టిమ్ముర్ మిరియంలా ఉంటుంది కానీ మిరియం కాదు, కొరికితే నాలుక జివ్వుమని కాసేపు మొద్దుబారుతుంది. పేరు టిమ్ముర్, చేసే పని తిమ్మిరి అని గుర్తుపెట్టుకోండి.

అసలు సంగతి ఏంటంటే అన్నం, పప్పు, కూర ఎన్నిసార్లయినా వేస్తారు. గిన్నె పట్టుకుని వచ్చి "థప్నే?" అంటారు, వెయ్యమంటారా అని. చాలు అనాలంటే "పుగ్యో". ఇది నేర్చుకోకుండా వెళ్తే ఇంక లేవలేరు. మాంసం మాత్రం ఒక్కసారే.

మీ అత్తయ్యకి ఏం చెప్పాలో కూడా చెప్తాను: అన్నం బదులు ఢిండో ఉందా అని అడగండి. కోదో పిండితో గానీ, ఫాపర్ అంటే బక్‌వీట్ (హిందీలో కుట్టు) పిండితో గానీ మరిగే నీళ్లలో కర్రతో కెలికి ముద్ద చేస్తారు. ఇక్కడో తిరకాసు ఉంది. మన దేశంలో కోదో మిల్లెట్ అని అమ్మేవి అరికెలు. నేపాల్లో కోదో అంటే రాగులు. అనంతపురం వాళ్లకి ఇంక నేను చెప్పేదేముంది!

అనంత_కోడలు
ఏంటీ, సంగటా!!! నిజంగానా? మామయ్యకి రాత్రి పూట అది లేకపోతే నిద్ర పట్టదు. ఇక్కడ రాగి పిండి దొరుకుతుంది కానీ నేను చేస్తే ఉండలు కడుతోంది, పాపం ఏమీ అనకుండా తింటున్నారు.

పోఖరా_డాక్టరమ్మ
సంగటే, కానీ చిన్న తేడా ఉంది. మీ సంగట్లో అన్నం ఉడికించి అందులో పిండి కలుపుతారు కదా, ఇందులో ఉత్త పిండే. కాస్త జిగురుగా ఉంటుంది. తినే పద్ధతి మాత్రం ఒకటే, చిన్న ముద్ద తుంచి పులుసులో ముంచి నమలకుండా మింగడమే. పళ్లు లేనివాళ్లకి వరం. గుంద్రుక్ ఉంటే అదీ చెప్పండి. ఆవాకు, ముల్లంగాకు లాంటివి వాడబెట్టి, నలిపి, డబ్బాలో కుక్కి కొన్నాళ్లు పులియబెట్టి ఎండబెడతారు. చలికాలం కూరలు దొరకని కొండల్లో అదే కూర. సోయా గింజలు, టమాటా వేసి చారు కాస్తారు. ముందే చెప్తున్నా, వాసన ఉంటుంది.

కొత్త_మెంబర్_77
మోమోలు చెప్పేటప్పుడు జాగ్రత్త మేడమ్. "బఫ్" అని రాసుంటుంది. అది బీఫేనట. పెద్దవాళ్లకి తెలీక తింటే బాధపడతారు.

బెడ్‌ఫోర్డ్_బావ
బఫ్ అంటే గేదె మాంసం బ్రదర్. నేపాల్లో ఆవు జాతీయ జంతువు, గోవధ నేరం. కాఠ్మాండూలో మోమో అంటే మొదట గేదె మాంసమే, అక్కడి నేవార్ అనే జనం వంటలో అది మామూలు. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల నేను చూసినంతలో ఎక్కువ చికెనే పెడుతున్నారు. అనుమానం ఉంటే అడగండి, తడుముకోకుండా చెప్తారు. అన్నట్టు బఫెలో వింగ్స్‌లో కూడా గేదె ఉండదు.

సుకుటి అని ఉంటే మాత్రం నాకోసం తినండి. ఎండు మాంసం, అల్లం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ. మా కరీంనగర్‌లో అమ్మమ్మ దండెం మీద ఒట్టి తునకలు ఎండేసేది, కాకుల్ని తోలే డ్యూటీ నాది. మొదటిసారి సుకుటి నోట్లో పెట్టుకున్నప్పుడు ఒక నిమిషం మాట రాలేదు.

టోక్యో_తెలుగోడు
మెనూ గురించి బావగారు చెప్పింది జపాన్‌లో ఇంకా ముదిరింది. ఇక్కడ వీధికో ఇండియన్ హోటల్ ఉంటుంది, బోర్డు మీద మన జెండా, పక్కన నేపాల్ జెండా, లోపల వండేది, వడ్డించేది నేపాలీలే. జపాన్ వాళ్లు వీటికి "ఇన్‌నెపా" అని ముద్దు పేరు కూడా పెట్టుకున్నారు, ఇండియా, నేపాల్ కలిపి. దుప్పటంత నాన్, అందులో చీజ్, తియ్యటి కూర. మొదట ఇండియన్ హోటళ్లలో వంటవాళ్లుగా వచ్చి, తర్వాత సొంతంగా పెట్టుకుని, ఊళ్లోవాళ్లని పిలిపించుకున్నారు. బాగ్‌లుంగ్ జిల్లా అని ఒకటుంది, అక్కడి నుంచి వచ్చినవాళ్లు తెగ కనిపిస్తారు. మన కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్లినట్టు అన్నమాట.

మా ఆఫీసు దగ్గర హోటల్లో ఏడాది పాటు ఆ చీజ్ నానే తిన్నాను. ఒకరోజు ఆలస్యంగా వెళ్తే మూసే టైమయింది, వాళ్లంతా వెనక టేబుల్ దగ్గర కూర్చుని దాల్ భాత్ తింటున్నారు. నాకూ అదే పెట్టమన్నాను. ఓనరు "ఇది మా ఇంటి తిండి, మీకెందుకు" అన్నాడు. చేత్తో కలుపుకోవడం చూశాక ఇంకేం అనలేదు. ఇప్పుడు నన్ను చూడగానే మెనూ తీసి పక్కన పెట్టేస్తాడు. షిన్ ఓకుబో వైపు వెళ్తే అసలు నేపాలీల కోసమే నడిపే హోటళ్లున్నాయి, అక్కడ చీజ్ నాన్ అడిగితే మనల్నే వింతగా చూస్తారు.

హ్యాంప్‌షైర్_వదిన
మేముండేది ఇంగ్లండ్‌లో ఆల్డర్‌షాట్ దగ్గర. ఇక్కడ నేపాలీలు ఎందుకున్నారంటే గూర్ఖాల వల్ల, అంటే బ్రిటిష్ సైన్యంలో చేరిన నేపాలీ సైనికులు. బ్రిటిష్ సైన్యంలో నాలుగేళ్లో అంతకన్నా ఎక్కువో చేసి, 1997కి ముందే రిటైరైన గూర్ఖాలకి ఇక్కడ స్థిరపడే హక్కు ఉండేది కాదు. నటి జోఆనా లమ్లీ వాళ్ల తరఫున పెద్ద పోరాటమే చేసింది, వాళ్ల నాన్న గూర్ఖా రెజిమెంట్‌లో ఆఫీసర్ లెండి. 2009లో ప్రభుత్వం దిగొచ్చింది. ఆ తర్వాత డెబ్భై ఏళ్ల తాతలు, బామ్మలు కొండల మీంచి నేరుగా వచ్చి ఇక్కడి చలిలో పడ్డారు. టోపీ పెట్టుకుని బెంచీల మీద కూర్చుని ఉంటారు.

నేను వెళ్లే హోటల్లో మధ్యాహ్నం పూట ఈ తాతలే ఎక్కువ. ఎవరొచ్చినా "ఖానా ఖాను భయో?" అంటారు, భోంచేశారా అని. హోటల్‌కి వచ్చినవాణ్ణి భోంచేశావా అని అడగడం ఏంటో అని నవ్వొచ్చేది. మన ఊళ్లో కూడా అన్నం టైముకి ఎదురైన వాళ్లని అడిగేది అదేగా.

ఓహయో_ఒరుగులు
ఒక చిన్న మాట. అమెరికాలో నేపాలీ హోటల్ అంటే యజమాని నేపాల్ మనిషే అనుకోవద్దు. మా కొలంబస్‌లో చాలామంది భూటాన్ నుంచి వచ్చినవాళ్లు. మాట్లాడేది నేపాలీ, తిండి అదే, కానీ 1990ల మొదట్లో భూటాన్ నుంచి వెళ్లగొడితే తూర్పు నేపాల్లో ఝాపా, మొరాంగ్ శిబిరాల్లో దాదాపు ఇరవై ఏళ్లు ఉన్నారు. 2008 నుంచి లక్షకు పైగా మందిని వేరే దేశాల్లో స్థిరపరిచారు, ఎక్కువమంది ఇక్కడికే. "మీది నేపాల్లో ఏ ఊరు" అని నేను ఊరికే కబుర్లకి అడిగాను. ఆయన కాసేపు ఆగి, "శిబిరం పేరు చెప్పమంటారా" అన్నాడు. అప్పటినుంచి ఆ ప్రశ్న మానేశా.

కారం కావాలంటే వాళ్ల దగ్గర ఎమా దత్శీ ఉందేమో చూడండి. అది భూటాన్ కూర, మిరపకాయలే కూరగాయ. కానీ అందులో చీజ్ ఉంటుంది, మీ మామయ్యకి కుదరదు.

రిటైర్డ్_మాస్టారు
తెనాలి నుంచి. అమ్మాయీ, మీ అత్తగారికి ఈ సంగతి చెప్పు, వెంటనే బయల్దేరతారు. ఈ థకాలీలది కాళీ గండకీ నది లోయ, థాక్ ఖోలా అంటారు. మన ముక్తినాథ్ ఆ పైనే. 108 దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామాలు దొరికేది ఆ నదిలోనే. మేము పన్నెండు మందిమి యాత్రకి వెళ్లాం. జోమ్‌సోమ్‌లో విమానం రద్దయితే మార్ఫా అనే ఊళ్లో ఒకావిడ నడిపే సత్రం లాంటి దాంట్లో రెండు రోజులు ఉన్నాం. మా వంటమనిషి తెచ్చిన పులిహోర పిండి అయిపోయింది. ఆవిడ మాకోసం ఉల్లి వెల్లుల్లి లేకుండా పప్పు, బంగాళాదుంప కూర, బక్‌వీట్ రొట్టె చేసి పెట్టింది.

పూర్వం టిబెట్ ఉప్పు కిందికి, ఇక్కడి ధాన్యం పైకి ఆ లోయ దారినే వెళ్లేవి. ఆ వర్తకులకి, గాడిదల బిడారులు నడిపేవాళ్లకి అన్నం పెట్టిందే ఈ థకాలీ ఆడవాళ్లు, వాటిని భట్టీలు అంటారు. కనుక హోటల్ నడపడం వాళ్లకి అమెరికా వచ్చి నేర్చుకున్న విద్య కాదు.

అనంత_కోడలు
వెళ్లొచ్చాం! శనివారం పదకొండున్నరకే వెళ్లాం, బావగారి మాట మీద. పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

ఎనిమిది టేబుళ్లు. గోడ మీద పశుపతినాథ్ ఫోటో, పక్కన కొడుకు హైస్కూల్ గ్రాడ్యుయేషన్ ఫోటో. కంచు పళ్లేలు వచ్చాయి, అత్తయ్య మొదట పళ్లెం అంచు వేలితో కొట్టి మోగించి చూశారు, "కంచే" అని మామయ్యకి చెప్పారు. సగం మార్కులు అక్కడే పడిపోయాయి. నాకూ మా ఆయనకీ అన్నం, వాళ్లిద్దరికీ ఢిండో.

ఢిండో మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. అత్తయ్య తుంచి, పప్పులో ముంచి, మింగి, ఏమీ అనలేదు. ఇంకో ముద్ద. అప్పుడు "ఇందులో రాగులే ఉన్నాయా" అన్నారు. కొడుకుని అడిగితే లోపలికి వెళ్లి వాళ్ల నానమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ గుప్పెట్లో పట్టుకొచ్చి అత్తయ్య చేతిలో పోసింది, ఎర్రటి గింజలు. అత్తయ్యకి హిందీ రాదు, ఆవిడకీ రాదు. ఒకరు "కోదో" అంటారు, ఒకరు "రాగులు" అంటారు, ఇద్దరూ తలలూపుతారు. తర్వాత కెలికే కర్ర ఎంత పొడుగుండాలో చేతులతో చూపించుకున్నారు, నన్ను చూపించి అత్తయ్య ఏదో అన్నారు, ఆవిడ నవ్వింది. నా ఉండల గురించే అయ్యుంటుంది.

మాస్టారూ, మీరు చెప్పిందే నిజమైంది. వాళ్లది ఆ లోయలోనే టుకుచే అనే ఊరి దగ్గరట. సాలగ్రామం అని చెప్పగానే అత్తయ్య ముఖం వెలిగిపోయింది, మా ఇంట్లో మూడు తరాల నుంచి ఉంది, రోజూ అభిషేకం చేస్తాం అని చెప్పమన్నారు. నేను ఇంగ్లిష్‌లో చెప్తే ఆ అబ్బాయి నేపాలీలో చెప్పాడు. ఆవిడ ఏదో అంది. వాడు చెప్పడానికి కాస్త ఇబ్బందిపడి, "నానమ్మ చిన్నప్పుడు నది ఒడ్డున వాటితో గోటీలాట ఆడేదట" అన్నాడు. అత్తయ్య రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "పుణ్యాత్మురాలు" అన్నారు.

మామయ్య మేక మాంసం తెప్పించుకున్నారు, తోలుతో సహా ముక్కలు, పులుసు మాత్రమే తిని ముక్కలు మా ఆయనకి తోసేశారు. టమాటా అచార్ నాలుగుసార్లు వేయించుకున్నారు. టిమ్ముర్ కొరికాక నాలుక బయటపెట్టి "ఏమయింది నాకు" అని కంగారు, బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని టెన్షన్. గుంద్రుక్ మాత్రం ఫెయిల్. వాసన చూసి "గడ్డివాములో వాన పడినట్టుంది" అని గిన్నె నా వైపు జరిపారు. వెజ్ మోమో ఒకటి తిని "కుడుములో కూర ఎందుకు పెట్టారు" అన్నారు.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. వెజ్ మోమో, చికెన్ మోమో ఒకే ఆవిరి పాత్రలో వేరే అరల్లో పెడతారట. ముందే అడిగాను కాబట్టి తెలిసింది, విడిగా పెట్టించమంటే పెట్టారు, ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. పట్టింపు ఉన్నవాళ్లు అడగండి.

@డాక్టరమ్మా, తిన్నాక "మీఠో ఛ" అన్నారు పక్క టేబుల్ వాళ్లు. తీపి అని కదా? తీపి ఏమీ లేదే?

పోఖరా_డాక్టరమ్మ
హహ, మీఠో అంటే రుచిగా ఉందని. తీపికి గులియో అంటారు. నేను మొదటి నెలంతా మెస్సు కూరలో చక్కెర వేస్తున్నారనుకున్నాను.

మస్యౌరా కూర పెట్టలేదా? మినప్పప్పు, చేమాకో చేమదుంపో కలిపి ఎండబెట్టే వడియాలు. పులుసులో వేస్తారు. ఈసారి అడగండి. జంధ్యాల పౌర్ణమికి వెళ్తే క్వాంటి దొరకొచ్చు, తొమ్మిది రకాల గింజలు మొలకలెత్తించి కాచే చారు, ఆ రోజు అక్కడ ఇంటింటా అదే.

గోంగూర_గ్యాంగ్
బిల్లు ఎంతైంది, అది చెప్పలేదు.

అనంత_కోడలు
నలుగురికి టిప్పుతో కలిపి 92. అత్తయ్యకి చూపించలేదు. ఢిండో మూడుసార్లు పెట్టారు, ఆ లెక్కన చూసుకోండి.

ఇంకో డౌటు. అత్తయ్యకి ఆ టిమ్ముర్ అనంతపురం పట్టుకెళ్లాలని ఉంది, చింతకాయ తొక్కులో వేసి చూస్తారట. ఎక్కడ దొరుకుతుంది?

బెడ్‌ఫోర్డ్_బావ
ఏ నేపాలీ కిరాణా కొట్లోనైనా ఉంటుంది. సీలు వేసిన ప్యాకెట్టే కొనండి. లోపల నల్ల గింజలుంటే ఏరి పారేయాలి, ఇసకలా కరకరలాడతాయి, పనికొచ్చేది పైపొట్టే. కాస్త వేయించి నూరుకోవాలి. చింతకాయ తొక్కులో ఎలా కుదిరిందో ఇక్కడ రాయండి, నాకూ ఆసక్తిగా ఉంది.

మళ్లీ వెళ్లేటట్టయితే ఢిండో సంగతి ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, అప్పటికప్పుడు కెలకాలంటే ఆ ముసలావిడకి చేతులు పడిపోతాయి.

అనంత_కోడలు
నిన్ననే ఫోన్ చేశా. మా ఆడపడుచు కూడా వస్తోంది, ఈ శనివారం అయిదుగురికి ఢిండో. గుంద్రుక్ నలుగురికే.